కొంచెం జరగండి

లిఫ్టుల ఇన్‌స్పెక్టరుకు తొందరపాటంటే గిట్టదు. పద్నాలుగేళ్లుగా ఆ నగరంలో ఎక్కిదిగని భవనం లేదు. ఎనిమిది మందికని రాసి ఉన్న లిఫ్టులో తొమ్మిదో మనిషి కాలు పెడితే, ఆ మనిషి ఎంత బక్కపలచగా ఉన్నా సరే, తను దిగిపోయి మెట్లెక్కుతాడు. ఇంట్లోనూ అంతే. పిల్లలకు పాలు కలిపితే మణికట్టు మీద చుక్క వేసుకుని చూడందే గ్లాసు ఇవ్వడు. "మీ నాన్న చీమ రోడ్డు దాటుతున్నా చెయ్యి పట్టుకుని దాటించే రకం" అని అతని భార్య పిల్లలతో అంటూ ఉంటుంది. అననీ. పిల్లలకు ఒంట్లో బాగాలేదంటే పరుగెత్తుకొచ్చే పిన్నీ బాబాయీ, అత్తా మామా ఎవరూ లేనంత దూరంలో పిల్లల్ని పెంచుకుంటున్నవాడికి జాగ్రత్త ఒక్కటే దగ్గరి చుట్టం.

అలాంటి మనిషి ఐదు నెలలు కాగితాలన్నీ చదివి, పట్టికలు గీసి, ఒక కరెంటు కారు కొన్నాడు. కొన్న వారానికే తెలిసింది, ఆ కంపెనీవాళ్ల చార్జర్లు నగరంలో మూడే ఉన్నాయనీ, వాటిలో ఒకటి ఎప్పుడూ మరమ్మతులోనే ఉంటుందనీ. "ఆర్నెల్లు సాము చేసి మూలనున్న ముసలమ్మను కొట్టారు" అంది భార్య.

చలికాలంలో ఒక సాయంత్రం ఆ ముసలమ్మే ఎదురు తిరిగింది.

చిన్నదానికి ఆరేళ్లు. పాలపన్ను పుచ్చిపోయి నొప్పంటే, దూరంగా ఉన్న పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి పీకించుకొస్తున్నాడు. పెద్దాడికి పదకొండేళ్లు. వాడు నగరం అవతల ఈత క్లాసులో ఉన్నాడు. ఏడింటికల్లా వెళ్లి తెచ్చుకోవాలి. భార్య పని చేసే ఆసుపత్రి లాబులో డ్యూటీ తొమ్మిదికి గానీ అవదు. చలికి బ్యాటరీ అనుకున్నదానికంటే తొందరగా పడిపోయింది. దారిలో ఉన్న సొంత కంపెనీ చార్జరుకు 'పనిచేయదు' అని అట్ట వేలాడదీసి ఉంది. బ్యాటరీ ఆరు శాతం. ఈత కొలను ఇంకా ముప్పై నాలుగు కిలోమీటర్లు.

మిగిలిన దారి ఒక్కటే. వేరే కంపెనీ చార్జర్లు. నిరుటిదాకా వాళ్ల కార్లకే కరెంటు ఇచ్చేవాళ్లు. ఈమధ్యే అందరికీ గేట్లు తెరిచారు. అందుకని, వాళ్ల ప్లగ్గు తన కారుకు పట్టేలా పోస్టులో తెప్పించుకున్న అడాప్టరును, మెత్తటి గుడ్డలో చుట్టి డిక్కీలో దాచడమే తప్ప, అతను ఒక్కసారీ వాడలేదు.

కార్పెట్ల గోదాము వెనక ఉంది ఆ స్టేషను. ఐదు ముప్పావుకే చీకటి పడిపోయింది. పొగమంచు నేల మీద పాకుతోంది. గోదాము తలుపులు మూసేశారు గానీ, తడిసిన అట్టపెట్టెల వాసన, కొత్త కార్పెట్ల జిగురు వాసన గాలిలో వేలాడుతున్నాయి. మొత్తం ఆరు చార్జర్లు, తెల్లగా, మనిషి ఎత్తున. మొదటి రెండింటికీ నల్ల సంచులు కట్టేశారు. చివరి రెండింటి ముందు ఇటుకలు పోశారు. మిగిలినవి మూడో నంబరు, నాలుగో నంబరు. నాలుగో స్లాటు వాడకంలో ఉందని యాప్‌లో ఉంది. తల తిప్పి చూస్తే అక్కడ కారు లేదు, కాకి లేదు.

"అబద్ధాల యాప్" అనుకున్నాడు.

మూడులో కారు పెట్టి దిగాడు. కేబుల్ అందలేదు. వాళ్ల కార్లకు చార్జింగు పెట్టే మూత వెనక దీపం పక్కన ఉంటుంది. ఇతని కారుకు ముందు చక్రం పక్కన. వాళ్ల కేబుళ్లేమో వాళ్ల కార్లకే కొలిచి కత్తిరించినట్టు పొట్టివి. వెనక్కి తిప్పి పెట్టాడు. జానెడు తక్కువ. ముందుకు పెట్టి చూశాడు. బెత్తెడు తక్కువ. చివరికి ఒకే మార్గం కనిపించింది. కారును గీత మీదికి ఎక్కించి, సగం మూడులో, సగం నాలుగులో, ఏటవాలుగా నిలబెట్టాలి.

అలా నిలబెట్టిన కార్లను చూస్తే అతనికి ఒళ్లు మండుతుంది. వాటి అద్దాల మీద "దయచేసి గీతల మధ్యన నిలపండి" అని చీటీలు అంటించిన చరిత్ర ఉంది అతనికి. ఇవాళ తనే గీత తొక్కాడు.

"నాన్నా, మనం రెండు చోట్లా ఉన్నాం" అంది చిన్నది వెనక సీటులోంచి. మొద్దుబారిన పెదవిలోంచి మాట సగం గుసగుసగానే వస్తోంది. రెండు చేతులతో పన్ను డబ్బీ పట్టుకుని కూర్చుంది.

"ఎవరూ లేరుగా తల్లీ. పది నిమిషాలు. అంతే."

పది నిమిషాలు ప్లగ్గు పెట్టడానికే చాలలేదు. అడాప్టరు ముందు కేబుల్‌కు తగిలించి, తర్వాత కారులో పెడితే ఎర్ర దీపం. ముందు కారులో పెట్టి, తర్వాత కేబుల్ తగిలిస్తే ఎర్ర దీపమే. యాప్ 'కార్డు నంబరు' అంది, ఇచ్చాడు. 'కారు నంబరు' అంది, ఇచ్చాడు. 'మీ కారును గుర్తించలేకపోయాం' అంది. తన కంపెనీకి ఫోన్ చేస్తే "కారు బాగానే ఉందండీ, చార్జరు మాది కాదు" అన్నారు. వీళ్లకు చేస్తే "చార్జరు బాగానే ఉందండీ, కారు మాది కాదు" అన్నారు. రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకున్నట్టయింది. మధ్యలో భార్య ఫోను.

"ఎక్కడిదాకా వచ్చారు?"

"కరెంటు దగ్గరున్నా. ఎక్కట్లేదు."

"పెద్దాణ్ణి ఏడింటికి బయటికి పంపేసి తాళం వేస్తానన్నాడు కోచ్. గుర్తుందిగా? చలిలో నిలబడతాడు పిల్లాడు."

"గుర్తుందే. గుర్తుండబట్టే గింగిరాలు తిరుగుతున్నా."

"కాస్త తిట్టి చూడండి ఆ చార్జర్ని. మీరు మరీ మర్యాదగా అడుగుతున్నట్టున్నారు."

ఆరోసారి ప్లగ్గు దిగేసరికి లోపలెక్కడో 'టక్' మంది. పచ్చదీపం. చార్జరులో ఫ్యాను గుర్రుమని లేచింది. ఐదు శాతం... ఆరు... అతను దాని తెల్లటి వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, బుజ్జగించినట్టు. టైము ఆరూ ఐదు. ముప్పై శాతం ఎక్కితే చాలు. ఆరూ ఇరవైకి బయల్దేరితే ఏడుకు వెళ్లిపోవచ్చు.

అప్పుడు వినిపించింది ఇంకో గుర్రు.

మూడో చార్జరుది కాదు. దానిది పెద్ద గొంతు. ఇది సన్నగా, అలిసిపోయినట్టు, పక్కనుంచి వస్తోంది. నాలుగో చార్జరు మీద చిన్న పచ్చదీపం వెలుగుతోంది. దాని కేబుల్ కొక్కేనికి లేదు. నేల మీదికి దిగి, మంచులో పాకి, తన కారు కిందికి వెళ్లింది.

అలవాటైన చేతులు కదా. వంగి, ఫోను లైటు వేసి చూశాడు. కేబుల్ కారు కింద సగం దూరం వెళ్లి, అక్కడినుంచి పైకి లేచింది. కొస కనిపించలేదు. పట్టుకుని లాగాడు. రాలేదు. కారులో తాళం పడిన ప్లగ్గును లాగితే ఎలా మొరాయిస్తుందో, అలా మొరాయించింది.

వెచ్చగా ఉంది. కరెంటు పారుతున్న కేబులే అలా వెచ్చబడుతుంది.

'ఎక్కడో చిక్కుకుంది. అంతే' అనుకున్నాడు. చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు. రెండోసారి కూడా తుడుచుకున్నాడు.

కారులో కూర్చునేసరికి ఫోను మోగింది. హెల్ప్‌లైన్. వాళ్లంతట వాళ్లు చేసే రకం కాదే అనుకుంటూ ఎత్తాడు. కుర్రగొంతు.

"సార్, మీరు మూడో చార్జరులో కదా ఉన్నారు?"

"ఇప్పటికి గుర్తించారా నన్ను! అవును."

"కొంచెం జరగండి సార్. నాలుగులో ఉన్నవాళ్లకు అడ్డంగా ఉన్నారు."

"నాలుగులో ఎవరూ లేరయ్యా."

అవతల కీబోర్డు టకటకలాడింది. "ఉన్నారు సార్. చార్జింగ్ నడుస్తోంది. ఆ మేడమ్ మీ గురించి మూడుసార్లు ఫోన్ చేశారు. మీ బండి మీదికొచ్చేసిందట. వెనక సీట్లో బాబున్నాడు, చలేస్తోంది వాడికి, అంటున్నారు."

"మీరు వేరే స్టేషను చూస్తున్నట్టున్నారు."

"కార్పెట్ల గోదాము వెనకే కదా సార్?"

అతను కిటికీలోంచి చూశాడు. మంచు. ఇటుకలు. నల్ల సంచుల తలలు. ఇంకేమీ లేదు.

"ఎప్పట్నుంచి నడుస్తోంది ఆ చార్జింగు?"

కీబోర్డు మళ్లీ టకటకలాడి ఆగింది. ఆ కుర్రవాడి గొంతు బాగా తగ్గిపోయింది.

"మొదలైన టైము దగ్గర ఖాళీగా ఉంది సార్. నేను చేరిన రోజునుంచీ నాలుగు అలాగే ఉంది. దాన్ని ముట్టుకోవద్దన్నారు పాతవాళ్లు. మీరు... జరిగితే మంచిది సార్."

ఇంకో రోజైతే జరిగేవాడు. ఎవరో ఎక్కడో ఇబ్బంది పడుతున్నారంటే, లేని మనిషికైనా దారి ఇచ్చే మనిషి. కానీ తెర మీద పద్నాలుగు శాతం కనిపిస్తోంది. ఇప్పుడు ప్లగ్గు పీకితే మళ్లీ ఆరుసార్లు, మళ్లీ కార్డు నంబరు, మళ్లీ 'గుర్తించలేకపోయాం'. ఏడు దాటితే అక్కడ పెద్దాడు తడిజుట్టుతో గేటు బయట. ఇంతసేపూ దిగమింగుకున్న విసుగంతా ఒక్కసారి గొంతులోకొచ్చింది.

"జరగను. మీ కేబుల్ పొట్టిదైతే నేనేం చెయ్యను? నా పని అయ్యాకే జరుగుతా. ఆవిడకు చెప్పుకో!"

పెట్టేశాడు. అంత గట్టిగా అతను అరిచి ఎన్నాళ్లయిందో. చిన్నది కళ్లు పెద్దవి చేసుకుని చూస్తోంది.

హీటరు వేస్తే చార్జింగు నెమ్మదిస్తుందని వేయలేదు. అద్దాలకు ఆవిరి పట్టింది. అతని వైపు అద్దానికి అతని ఊపిరి. చిన్నది తన వెనకే కూర్చుంది కనుక, ఆమె వైపు అద్దానికి ఆమె ఊపిరి. మరి ఆ పక్క, పెద్దాడు కూర్చునే చోట, నాలుగో స్లాటులోకి చొచ్చుకుపోయిన పక్క అద్దం మీద, చిన్నపిల్లల తల ఎత్తున, గుండ్రంగా ఒక మరక. చెరిగిపోతోంది. మళ్లీ పడుతోంది. చెరిగిపోతోంది... మళ్లీ.

పద్దెనిమిది శాతం.

"నాన్నా" అంది చిన్నది. "కొంచెం ముందుకు జరగవా? ఆంటీవాళ్ల కారు మన కార్లో ఇరుక్కుంది."

"అల్లరి చెయ్యకమ్మా."

"నేను చెయ్యట్లేదు. ఆంటీ చెయ్యట్లేదు. వాడొక్కడే, కాలు ఊపుతున్నాడు."

అతను వెనక సీటు కనిపించే అద్దంలో చూశాడు. సీటు ఖాళీ. చిన్నది తన గౌను అంచు దగ్గరికి లాక్కుని, ఎవరికో చోటిచ్చినట్టు ఒద్దికగా కూర్చుంది.

ఇంజక్షన్ మత్తు అనుకున్నాడు. పళ్ల డాక్టరు చెప్పాడు, కొంచెం మగతగా ఉంటుందని. అవును. చెప్పాడు. ఇరవై ఒక్క శాతం. ఆరూ పదిహేడు. ఫోను మళ్లీ మోగింది. ఈత కోచ్.

"సార్, అందరూ వెళ్లిపోయారు. మీవాడొక్కడే."

"వస్తున్నా సార్. ఏడుకు అక్కడుంటా. బయటికి పంపకండి, దయచేసి."

"ఏడు దాటితే నావల్ల కాదు సార్. నాకూ పిల్లలున్నారు."

"నాన్నా... ఎంతసేపూ అని అడుగుతోంది ఆంటీ."

"ఐదు నిమిషాలు. సార్, మీకు కాదు. మీరు చెప్పండి..."

చిన్నది ఖాళీ సీటు వైపు వంగి ఏదో గొణిగింది. విన్నట్టు ఆగింది. మళ్లీ అతని వైపు తిరిగింది.

"ఐదు నిమిషాలైతే ఆలస్యమైపోతుందట."

"సరే."

"తన కారుకి ఇంక ఎక్కదట."

"సరేనమ్మా, ఉండు, కోచ్‌తో మాట్లాడుతున్నా..."

"అయితే వీణ్ణి మీరే తీసుకెళ్లమంటోంది."

"సరే సరే, అలాగే అను! కాసేపు నన్ను..."

టక్.

పక్క చార్జరు గుర్రు ఆగిపోయింది.

అంతవరకూ ఆ చప్పుడు చెవిలో ఉందని అతనికి తెలియనే లేదు, ఆగాక తెలిసింది. కారు కింద ఏదో బరువుగా నేల మీద పడింది. కేబుల్ తల పడ్డ చప్పుడు. తర్వాత కారు వెనకభాగం కొద్దిగా, లిఫ్టులో ఇంకో మనిషి ఎక్కినప్పుడు కుంగినంతే, కిందికి దిగింది. అది అతనికి బాగా తెలిసిన కదలిక. రోజుకు వందసార్లు కాళ్ల కింద తెలిసే కదలిక.

"సార్, ఉన్నారా?" అంటున్నాడు కోచ్.

యాప్ వెలిగింది. 'నాలుగో స్లాటు ఖాళీ.'

"ఆంటీ ఏడుస్తోంది" అంది చిన్నది మెల్లగా. ఆమె చూపు కిటికీ బయట, ఇటుకల దాకా వెళ్లి, మంచులో ఆగిపోయింది. "వెళ్లిపోయింది."

ఇరవై ఆరు శాతం. అతను ముప్పై దాకా ఆగలేదు. ప్లగ్గు పీకాడు. అడాప్టరు కేబుల్‌లోనే ఉండిపోయింది. వదిలేశాడు. గుడ్డలో చుట్టి దాచుకున్న అడాప్టరును అలా వదిలేసి, కారు గీత మీదినుంచి దించి, రోడ్డెక్కించాడు. వెనక్కి చూడలేదు.

రోడ్డెక్కిన నిమిషానికి కారు అరవడం మొదలెట్టింది.

టింగ్... టింగ్... టింగ్...

తెర మీద వెనక సీట్ల బొమ్మలు. కుడివైపు చిన్నది, పచ్చగా. బెల్టు పెట్టుకుంది. ఎడమవైపు ఒకటి, ఎర్రగా. మనిషి ఉన్నాడు, బెల్టు లేదు.

'బ్యాగు పెట్టి ఉంటా.' ఒక చేత్తో పక్కసీటు తడిమాడు. బ్యాగు అక్కడే, ముందే ఉంది. చిన్నదాని కోటు కూడా.

టింగ్... టింగ్...

"బెల్టు పెట్టుకోమను నాన్నా, నువ్వు చెబితే వింటాడు. నువ్వు మాతో అలాగేగా అంటావు, బెల్టు పెట్టుకోందే కారు కదలదూ అని."

అతని చేతులు స్టీరింగు మీద, గడియారంలో పదీ రెండూ అంకెలుండే చోట బిగుసుకున్నాయి, నేర్చుకున్నప్పుడు పట్టుకున్నట్టు.

టింగ్...

క్లిక్.

చప్పుడు ఆగిపోయింది. ఎడమ బొమ్మ పచ్చగా మారింది. అద్దంలో చిన్నది కనిపిస్తోంది. రెండు చేతులూ పన్ను డబ్బీ మీదే ఉన్నాయి.

"నువ్వేనా... నువ్వేనా పెట్టింది?"

"ఊహూ. వాడికొచ్చు."

ఆ తర్వాత దారంతా అతను సిగ్నళ్ల దగ్గర ఆగాడు, అడ్డొచ్చినవాళ్లకు దారి ఇచ్చాడు, వేగం గీత దాటలేదు. హీటరు వేశాడు. ఎంత వేసినా వెనకనుంచి చల్లదనం మెడ మీదికి వస్తూనే ఉంది. బ్యాటరీ రోజూ తగ్గేదానికంటే కొంచెం ఎక్కువగా తగ్గుతోంది. ఎందుకో ఆలోచించలేదు. పెద్దాడు ఎక్కితే చాలు. ఇల్లు చేరితే చాలు. ఇల్లు చేరాక దీపాలన్నీ వేసి, ఇద్దర్నీ పక్కలో పడుకోబెట్టుకుని... ఇద్దర్నీ.

ఏడింటికి రెండు నిమిషాలుందనగా ఈత కొలను దగ్గర ఆగాడు. గేటు దీపం కింద కోచ్ తాళాల గుత్తి పట్టుకుని, పక్కన పెద్దాడు టోపీ చెవులమీదికి లాక్కుని. బతికి ఉన్నాడు. కళ్ల ముందున్నాడు. అతనికి ఏడుపొచ్చినంత పనయింది.

"టైముకే వచ్చారు సార్" అని కోచ్ నవ్వి చెయ్యూపాడు. గేటుకు తాళం పడింది.

పెద్దాడు పరుగెత్తుకొచ్చి, తన వైపు తలుపు, ఎడమ తలుపు, తెరిచాడు. క్లోరిన్ వాసన, చలిగాలి ఒకేసారి లోపలికొచ్చాయి.

ఎక్కలేదు.

తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. లోపలికి చూశాడు. చెల్లెల్ని చూశాడు. చెల్లెలు వేలితో ఏదో సైగ చేసింది. ఆ తర్వాత వాడు, ఎవరినైనా నెట్టకూడదు, మర్యాదగా అడగాలి అని చిన్నప్పటినుంచి నాన్న నేర్పినట్టే, కాస్త వంగి, సీటుతో మెల్లగా అన్నాడు.

"కొంచెం జరుగుతావా?"

క్లిక్ మని బెల్టు ఊడిన చప్పుడు.

లిఫ్టుల ఇన్‌స్పెక్టరు వెనక్కి తిరగలేదు. తెరనే చూస్తున్నాడు. ఎడమ బొమ్మ ఆరిపోయింది. మధ్య బొమ్మ వెలిగింది.